పటం వెనక గుర్రం

షరఫియా, జెద్దా
నవంబరు 7, శుక్రవారం

ప్రియమైన ఫుప్పూకి,

షబ్నమ్ సలాం. మేం ముగ్గురం క్షేమం. ఈ ఉత్తరం ఆసిఫ్ భాయ్ చేతికిచ్చి పంపుతున్నాను. ఇక్కడ ట్రెయిలర్ నడుపుతాడు, మన కర్నూలు వన్ టౌన్ మనిషే. సెలవు మీద వస్తున్నాడు, తిరిగి వచ్చేటప్పుడు నీ జవాబు తెచ్చిపెడతానన్నాడు. వారం వారం ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్లీ ఈ ఉత్తరాలు దేనికని హబీబ్ నవ్వుతాడు. ముప్పై ఆరేళ్లు పిల్లలకి తెలుగు చెప్పి రిటైరైన మేనత్త పెంచితే ఎలా ఉంటుందో ఆయనకేం తెలుసు? నెలకో ఉత్తరం రాయకపోతే ఫోన్ ఎత్తనని నువ్వు బెదిరించిన సంగతి చెప్పాను. అయితే నాలుగు పేజీలు రాయమన్నాడు.

నేను చెప్పాను కదా, దర్జీ కొట్టు మీద మేడలో అబ్దుల్ ఘనీ గారి సెంటర్లో సాయంత్రం పాఠాలు చెబుతున్నానని. పిల్లలు బడి నుంచి తిన్నగా ఇక్కడికి వస్తారు. మొత్తం ఇరవై నాలుగు మంది. మన వాళ్లు, పాకిస్తానీలు, బంగ్లా వాళ్లు, సూడాన్, సోమాలియా పిల్లలు. మన తరన్నుమ్ కూడా నా తరగతిలోనే కూర్చుంటుంది, తొమ్మిదేళ్లొచ్చాయి దానికి. లెక్కలు చెప్పేది హనాన్ అనే సూడాన్ ఆవిడ. ఖార్తూమ్‌లో యుద్ధం వచ్చాక కూతురిని తీసుకుని ఇక్కడికి చేరింది. ఆ కూతురి పేరు రుఫైదా. పెద్ద కళ్లు, మాట తక్కువ, చేతిరాత ముత్యాలే.

సెంటర్ పిల్లల్లో ఇద్దరు అమెరికా టీచర్లుండే బడికి వెళ్తారు. అక్కడ ఏటా ఫిబ్రవరిలో నల్లజాతివారి చరిత్రను పండగలా చేస్తారట. మనమూ చేద్దామని ఆ ఇద్దరూ గొడవ. సర్టిఫికెట్లు ఇవ్వచ్చంటే ఘనీ గారు దేనికైనా ఒప్పుకుంటారు, దీనికీ ఒప్పుకున్నారు. రంజాన్ ఫిబ్రవరి మూడో వారంలో మొదలవుతుంది కాబట్టి పన్నెండో తేదీ పెట్టుకున్నాం. ఒక్కో పిల్ల ఒక్కో మనిషిని ఎంచుకుని, వాళ్ల గురించి తెలుసుకుని, పది మంది ముందు నిలబడి చెప్పాలి.

మొదలుపెట్టీ పెట్టగానే తగువు వచ్చింది. ముగ్గురు పట్టే బెంచీ మీద రుఫైదాని ఒక పిల్ల పక్కన కూర్చోబెట్టాను. ఆ పిల్ల ఇద్దరి మధ్యా తన సంచీ అడ్డం పెట్టి, నీ పక్కన కూర్చుంటే నేనూ నల్లబడతాను అందట. రుఫైదా ఏడవలేదు, ఫిర్యాదు చేయలేదు. పుస్తకాలు తీసుకుని బయటకి వెళ్లి, వాళ్లమ్మ క్లాసు అయ్యేదాకా మెట్ల మీద కూర్చుంది. అప్పట్నుంచీ రావడం లేదు. సారీ చెప్పిస్తానని హనాన్‌ని అడిగాను. "చెప్పించకండి. తనేమన్నదో తనకి తెలిసిన రోజు మా పిల్ల వస్తుంది," అంది. పాఠాలు మాత్రం మానలేదు. రోజూ వస్తుంది, ఆ మాటన్న పిల్లకి కూడా ఓపికగా భాగహారాలు నేర్పుతుంది. ఆవిడ ముందు తలెత్తలేకపోతున్నాను. ఫిబ్రవరి పన్నెండు లోపల ఆ పిల్ల తిరిగి రాకపోతే ఈ పండగ చేయడానికి నాకు మొహం చెల్లదు.

మన ప్రాంతంలో ఆఫ్రికా నుంచి వచ్చిన వాళ్ల గురించి నాకు రాసి పంపు. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేటకి ఆ పేరు ఎలా వచ్చిందో కూడా. హబీబ్ ఏసీ మెకానిక్ కదా, అదేదో తమ వాళ్ల కాలనీ అనుకున్నాడట ఇన్నాళ్లూ.

నీ షబ్నమ్

*

కర్నూలు
డిసెంబరు 1

చిరంజీవి షబ్నమ్‌కి,

ఫుప్పు దువాలు. నీ ఉత్తరం అందింది. హబీబ్ నాలుగు పేజీలు రాయమంటే రెండున్నరతో సరిపెట్టావు. అక్షరాలు వాలిపోతున్నాయి, కూర్చుని రాయి, మంచం మీద పడుకుని కాదు.

పిల్లల పండగ మాట నచ్చింది. ఘనీ గారికి నా సలాం చెప్పు. మలిక్ అంబర్ గురించి వేరే కాగితం మీద ఆరు పేరాలు రాసి పెట్టాను. ఇథియోపియాలో పుట్టి, పిల్లవాడిగా ఉండగానే అమ్ముడుపోయి, చేతులు మారి మారి మన దక్కనుకి వచ్చి, అహ్మద్‌నగర్ రాజ్యానికి ప్రధాని అయ్యాడు. మొగలు సైన్యాన్ని ఏళ్ల తరబడి నిద్రపోనివ్వలేదు. ఊరికి నీళ్లు తెచ్చే కాలువలు కట్టించాడు. పిల్లలకి యుద్ధాల కంటే ఆ కాలువల గురించి ఎక్కువ చెప్పు.

ఏసీ గార్డ్స్ అనేది ఏదో పాత పేట పేరు. దాని గురించి నాకు అంతగా తెలియదు.

ఆ సంచీ అడ్డం పెట్టిన పిల్ల ఎవరో గానీ, దానికంటే ముందు దాని తల్లిని నిలబెట్టి అడగాలి. పిల్లలకి ఆ మాటలు గాలిలోంచి రావు. ఇంట్లో ఎవరో అంటేనే నోటికి వస్తాయి. నువ్వు మెతక మనిషివి, మొహమాటపడి ఊరుకుని ఉంటావు. పిలిచి అడుగు. నా తరగతిలో అయితే ఆ తల్లిని ఆ రోజే కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి మరీ గడ్డి పెట్టేదాన్ని.

ఆసిఫ్ చేతికి పార్సిల్ ఇస్తున్నాను. గోంగూర, ఉల్లికారం, హబీబ్‌కి జొన్నరొట్టెలు, అడుగున నలుగు పిండి కిలో. పసుపు ఈసారి ఎక్కువ కలిపాను. శుక్రవారం శుక్రవారం తరన్నుమ్‌కి వదలకుండా రుద్దు. ఆ ఎండల్లో పిల్లని తిప్పకు. జుట్టు నూనె పెట్టి గట్టిగా లాగి అల్లు, విచ్చుకోనివ్వకు.

రంజాన్ చివరి పది రోజులకి మక్కాకి, ఉమ్రా యాత్రకి రావాలని డబ్బు కట్టాను. పాస్‌పోర్టు కోసం ఫోటో దిగితే దొంగలా ఉన్నాను.

మీ ఫుప్పు,
మేరాజ్ బేగం

*

షరఫియా, జెద్దా
డిసెంబరు 12

ఫుప్పూకి,

సలాం. ఉమ్రాకి వచ్చిన మన ఊరి వాళ్లు రేపు తిరిగి వెళ్తున్నారు, వాళ్లకి ఈ ఉత్తరం ఇస్తున్నాను. కూర్చునే రాస్తున్నాను.

ఆ పిల్ల తల్లిని నిలబెట్టి అడగమన్నావు. అడిగాను. వారం రోజులుగా అద్దంలో చూసి అడుగుతూనే ఉన్నాను. ఆ పిల్ల మన తరన్నుమ్.

పోయిన ఉత్తరంలో 'ఒక పిల్ల' అని రాశాను. పేరు రాయడానికి సిగ్గేసింది, నీ పెంపకానికి చెడ్డపేరు తెచ్చినట్టు అనిపించింది. ఇప్పుడు నువ్వే అడగమన్నావు కాబట్టి దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎవరు చెప్పారే ఈ మాట అని అడిగాను. అది భయపడనే లేదు ఫుప్పూ. తప్పు చేశానన్న ఊహ కూడా లేదు దానికి.

"దాదీ చెప్పింది కదా, నల్లోళ్ల పక్కన కూసుంటే అంటుకుంటాదని. అంటుకోకుండానే కదా నలుగు పంపిస్తాది," అంది.

పోయిన వేసవి సెలవుల్లో నీ దగ్గరున్న రెండు నెలలూ నలుగు పెడుతూ అన్నావట. నవ్వుతూనే అని ఉంటావు, నాకు తెలుసు. అది మాత్రం నవ్వులాటగా తీసుకోలేదు, ఎక్కాలు నేర్చుకున్నట్టు నేర్చుకుంది.

ఇంకో సంగతి కూడా అయింది. మా ముత్తాత అరబ్బు అని క్లాసులో చెప్పిందట. నువ్వు నాకు చెప్పావు, నేను దానికి చెప్పాను. హనాన్ ముచ్చటపడి ఏ ఖబీలా అని అడిగింది. ఖబీలా అంటే ఇక్కడ వంశం, తెగ లాంటిది, అరబ్బులు పేరుతో పాటు అదీ చెప్పుకుంటారు. పిల్లకేం తెలుసు, నాకూ తెలియదు. పోయినేడు హబీబ్ ఇఖామా, అదే ఇక్కడ ఉండే అనుమతి, రెన్యువల్‌కి వెళ్లినప్పుడు నేనన్న ఈ ముత్తాత మాటే తనకి పూచీ ఉన్న కఫీల్‌తో అంటే, ఆయనా ఇదే అడిగాడట. ఈయన 'కర్నూలు' అని చెప్పి వచ్చాడు. అప్పుడు నవ్వుకున్నాం. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఏసీ గార్డ్స్ గురించి తెలియదన్నావు. నీ నోటి వెంట 'తెలియదు' అన్న మాట నేను పుట్టాక ఇదే మొదటిసారి వినడం.

రుఫైదా ఇంకా రాలేదు.

షబ్నమ్

*

కర్నూలు
డిసెంబరు 22

షబ్నమ్,

వచ్చేవాళ్లు ఎవరూ లేరు. పోస్టులో వేస్తున్నాను, ఎప్పటికి చేరుతుందో.

పిల్ల చెప్పింది నిజం. ఆ మాట నేనే అన్నాను. నవ్వుతూ కాదు.

నలుగు పిండి పారెయ్. ఇంతకంటే ఇప్పుడు రాయలేను.

మేరాజ్

*

షరఫియా, జెద్దా
జనవరి 9

నా ఫుప్పూకి,

నీ ఉత్తరం నిన్న అందింది. మూడుసార్లు చదివాను, నాలుగు వరుసలే కాబట్టి. దువాలు కూడా రాయలేదు నువ్వు. అది చూసి ఏడ్చాను. హబీబ్ కంగారుపడి ఎవరైనా పోయారా అని అడిగాడు.

నేను నీ మీద కోపంతో రాయలేదని రాద్దామనుకున్నాను. అబద్ధం. కోపంతోనే రాశాను. ఇప్పుడది లేదు. పిండి పంపింది నువ్వయితే రుద్దింది నేను. ఎనిమిదేళ్లు, ప్రతి శుక్రవారం, పిల్ల మంట అని ఏడుస్తున్నా వదలకుండా రుద్దాను. ఒక్కసారైనా ఎందుకని అడగలేదు. తల్లి లేని ఆరేళ్ల పిల్లని నువ్వు ఒళ్లో వేసుకున్న రోజు నుంచీ, నువ్వు చేసిందల్లా నా మంచికే అని నా నమ్మకం. ఇప్పటికీ అదే నమ్మకం. అందుకే అడుగుతున్నాను.

మన హాల్లో కాబా పటం ఉంది కదా, పచ్చ ఫ్రేముది. నాకు పదేళ్లప్పుడు ఈద్‌కి దుమ్ము దులుపుతూ దాన్ని కింద పెట్టాను. వెనక అట్ట కొంచెం ఊడి ఉంది. కాబా బొమ్మ వెనక ఇంకేదో ఫోటో అంచు కనిపించింది. గుర్రం కాలు ఒకటి, దాని పక్కన ఒక బూటు. లాగి చూడబోతే వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి నా చెంప మీద కొట్టావు. నన్ను నువ్వు కొట్టింది జన్మలో అదొక్కసారే. తర్వాత నన్ను పట్టుకుని నువ్వే నాకంటే ఎక్కువ ఏడ్చావు. అప్పుడు కాబా పటం కింద పెట్టినందుకు కొట్టావనుకున్నాను.

ఆ గుర్రం ఎవరిది ఫుప్పూ?

ఇక్కడ పిల్లలంతా మనుషుల్ని ఎంచుకున్నారు. ముగ్గురు తొలి అజాన్ పిలిచిన హజ్రత్ బిలాల్ గారి కోసం కొట్టుకుంటే చీటీలు వేశాం. సోమాలియా పిల్లలు తమ దేశపు కవుల గురించి చెబుతామన్నారు. ఘనీ గారి మనవరాలు అఫ్షాన్ నీ మలిక్ అంబర్‌ని తీసుకుంది, కాలువల బొమ్మ వేస్తోంది. తరన్నుమ్ ఎవరినీ ఎంచుకోలేదు. నాకెవరూ తెలియదు అంటుంది. రుఫైదా పేరు పిలిచినప్పుడల్లా తల దించుకుంటుంది గానీ, ఎందుకు దించుకోవాలో దానికింకా సరిగ్గా తెలియదు. ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు.

నువ్వేం రాసినా నేను నీ పిల్లనే. రాయకపోయినా అంతే. కానీ రాయి.

నీ షబ్నమ్

*

కర్నూలు
జనవరి 25

చిరంజీవి షబ్నమ్‌కి,

దువాలు. ముందు అవి రాసేస్తున్నాను, మళ్లీ మరిచిపోయానని ఏడుస్తావు.

ఆ గుర్రం పేరు మోతీ. దాని పక్కన బూట్లు వేసుకుని నిలబడింది మా తాత సిద్దీ ఖయ్యూమ్. నీకు ముత్తాత. అరబ్బు కాదు. ఆయన పెద్దవాళ్లని ఆఫ్రికా నుంచి ఎప్పుడో ఓడల్లో తెచ్చారు. అలా వచ్చినవాళ్లనే సిద్దీలంటారు. ఏ ఊరి నుంచో ఆయనకీ తెలియదు, చెప్పేవాళ్లు మిగల్లేదు. నిజాం గారి దగ్గర ఆఫ్రికా వాళ్లతో ఒక గుర్రపు దళం ఉండేది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. వాళ్లు ఉన్న పేటే ఏసీ గార్డ్స్. మా అబ్బా అక్కడే పుట్టాడు. నాకు తెలియనిది కాదు, నాకు అందరికంటే బాగా తెలిసింది అదే.

దళం రద్దయ్యాక మా అబ్బా కర్నూల్లో లారీ షెడ్డులో మెకానిక్‌గా కుదిరి, తాతనీ తెచ్చుకున్నాడు. నేను ఆయన ఒళ్లోనే పెరిగాను. రంగూ జుట్టూ అచ్చం ఆయనవే వచ్చాయి నాకు. మీ నాన్నకి మా అమ్మ పోలిక వచ్చింది. నా జుట్టుకి మా అమ్మ విసుక్కునేది, తాత మాత్రం విసుక్కునేవాడు కాదు. ఆయన దగ్గర ఒక చెక్క దువ్వెన ఉండేది, పళ్లు దూరం దూరంగా. రోజూ పొద్దున గడపలో కూర్చోబెట్టుకుని, గుర్రం జూలు దువ్వినట్టు కొసల నుంచి పైకి, ఒక్క వెంట్రుక తెగకుండా చిక్కు తీసేవాడు. నన్ను మోతీ అనే పిలిచేవాడు. పెళ్లిళ్లకి మర్ఫా వాయించేవాడు. వాయించే ముందు పాత పేపర్లు కాల్చి ఆ సెగలో డప్పు తోలు కాచేవాడు. ఆ వాసనంటే నాకు ప్రాణం. నాకు తొమ్మిదేళ్లప్పుడు పోయాడు.

ఇరవై రెండేళ్లకి నాకు ఆదోని సంబంధం కుదిరింది. అబ్బాయి నన్ను చూశాడు, నచ్చానన్నాడు. మంచివాడేనమ్మా, ఇప్పటికీ అదే అంటాను. తేదీ పెట్టుకోవడానికి పెద్దవాళ్లు వచ్చినప్పుడు వాళ్ల నాయనమ్మ గోడ మీద ఫోటో చూసి ఈయనెవరని అడిగింది. మా అబ్బా ఎంత గర్వంగా చెప్పాడో. నిజాం గారి దళం, మోతీ, అన్నీ చెప్పాడు. వాళ్లు తలలూపి, బిర్యానీ తిని, సేమ్యా కూడా తిని వెళ్లారు. మర్నాడు మనిషి వచ్చి చెప్పాడు. "సిద్దీల పిల్ల మాకొద్దంట సాబ్, పుట్టే బిడ్డలు కూడా అట్లనే పుడతారంట," అని.

ఆ సాయంత్రం ఫోటో దించింది మా అబ్బా కాదు, నేను. చింపలేకపోయాను, పారేయలేకపోయాను. అదే ఫ్రేములో పైన కాబా బొమ్మ పెట్టి మేకు కొట్టాను. అంత పవిత్రమైన పటాన్ని ఎవరూ విప్పి చూడరు కదా. నాలుగేళ్లకి మీ నాన్న సంబంధం వచ్చినప్పుడు మీ అమ్మ తరఫు వాళ్లకి మా తాత యెమెన్ అరబ్బు అని చెప్పింది కూడా నేనే. మా అబ్బా అక్కడే ఉన్నాడు, విన్నాడు. మర్ఫా పెట్టిద్దామని ఆశపడితే నేనే వద్దన్నాను, బ్యాండు పెట్టించాను. తర్వాత పదకొండేళ్లు బతికాడు. ఆ గోడ వైపు ముఖం పెట్టి ఎప్పుడూ కూర్చోలేదు.

నన్ను ఇంకెవరూ అడగలేదు, నేనూ ఎదురుచూడలేదు. బడి ఉంది, తర్వాత నువ్వొచ్చావు. నువ్వు మీ అమ్మలా పుట్టావని ఊపిరి పీల్చుకున్నాను. తరన్నుమ్ పుట్టినప్పుడు ఫోటో పంపావే, ఆ నుదుటి మీది ఉంగరాలు చూసి భయమేసింది. నాకు జరిగింది దానికి జరక్కూడదని పిండి కలిపాను. ప్రేమతోనే కలిపాను షబ్నమ్. ఆదోని ముసలమ్మ నన్నన్న మాటనే నేను నా చేతులతో పసిదాని ఒంటికి రుద్దాను. అది తీసుకెళ్లి ఆ బిడ్డ మీద వేసింది. ఆ బిడ్డ మెట్ల మీద కూర్చుందని రాశావు. ఆ రోజు మా పెరటి మెట్ల మీద నేనూ అలాగే కూర్చున్నాను, ఏడవకుండా. ఇన్నేళ్లు పిల్లలకి పాఠాలు చెప్పి ఆ ఒక్క పిల్లకి నేను చేసింది ఇదీ.

నిన్న మేకులు పీకాను. ఆసిఫ్ చిన్నాన్న కొడుకు ఉద్యోగంలో చేరడానికి వస్తున్నాడు, ఫోటో అతని చేతికే ఇస్తున్నాను. అట్టల మధ్య పెట్టి కట్టాను, మడవద్దని పదిసార్లు చెప్పాను. ఇంటి పరువని నేను దాచింది ఇదే. చూపిస్తావో, దాస్తావో నీ ఇష్టం. చూపిస్తే మాత్రం పేరు సరిగ్గా చెప్పు. సిద్దీ ఖయ్యూమ్. సిద్దీ అన్నది వదలకు.

నీ ఫుప్పు

*

షరఫియా, జెద్దా
ఫిబ్రవరి 13, శుక్రవారం

బంగారు ఫుప్పూకి,

నిన్న పండగ అయింది. అన్నీ వరుసగా రాస్తాను, తొందరపడి ఆఖరి పేజీ తిప్పకు.

ఫోటో ఈ నెల నాలుగున అందింది, ఒక్క మడత కూడా పడలేదు. హబీబ్ ఫోటోని వెలుగులోకి పట్టుకుని చూశాడు. "నేను ముందే చెప్పాను కదా కర్నూలని," అన్నాడు. అని, ఫోటోకి సలాం చేశాడు.

తరన్నుమ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని నీ ఉత్తరం చదివి వినిపించాను. పెళ్లి సంబంధం సంగతి కూడా. తొమ్మిదేళ్ల పిల్లకి ఎందుకనుకున్నాను ముందు, కానీ ఆ మాట దానికి చెప్పింది మనమే కాబట్టి ఇదీ మనమే చెప్పాలనిపించింది. అది ఫోటో మీద వేలు పెట్టి ఆయన జుట్టు చుట్టూ తిప్పింది, తర్వాత తన జడ ముందుకి లాక్కుని చూసుకుంది. నేను పండగలో ఈయన గురించి చెబుతావా అంటే, ఫోటో అలమరలో పెట్టి వచ్చి పడుకుంది. మర్నాడు చూస్తే అలమరలో ఫోటో లేదు. ప్రాణం పోయిందనుకో. నన్ను అడక్కుండా బడి సంచీలో పెట్టుకుని, సాయంత్రం లెక్కల క్లాసులో అందరి ముందూ లేచి వెళ్లి హనాన్ చేతిలో పెట్టిందట.

"ఈయన మా తాత. రుఫైదాకి చూపించండి. నేనన్నది ఈయనకి కూడా తగిలింది," అందట.

హనాన్ నాతో చెబుతూ కళ్లు తుడుచుకుంది. అంతవరకూ ఆవిడ కంట నీళ్లు నేను చూడలేదు. ఆవిడ ఫోటో ఇంటికి తీసుకెళ్లింది. వారం రోజులు ఏ కబురూ లేదు. నేను అడగలేదు. తరన్నుమ్ రోజూ క్లాసుకి ముందుగా వెళ్లి బెంచీ చివర ఖాళీ ఉంచి కూర్చుంది, సంచీ కింద పెట్టుకుని.

నిన్న పిల్లలంతా వచ్చారు, తల్లిదండ్రులు వచ్చారు, ఘనీ గారు టై కట్టుకున్నారు. అఫ్షాన్ కాలువల బొమ్మ పట్టుకుని మలిక్ అంబర్ గురించి చెప్పింది, నీ ఆరు పేరాలూ అప్పజెప్పింది. తర్వాత తరన్నుమ్ పేరు పిలిచాను. అది లేచింది, ఫోటో లేదు చేతిలో. ఖాళీ చేతులతో నిలబడి గుమ్మం వైపు చూస్తోంది. అప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. హనాన్ వెనక రుఫైదా. ఫోటోని రెండు చేతులతో గుండెకి ఆనించుకుని తెచ్చింది. తిన్నగా వెళ్లి తరన్నుమ్ పక్కన నిలబడి, అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకుంది. మన తరన్నుమ్ చెప్పింది. "మా ముత్తాతల తరం మనిషి, సిద్దీ ఖయ్యూమ్. అరబ్బు కాదు. ఈయన గుర్రం పేరు మోతీ. మా దాదీ పేరు కూడా మోతీనే." ఇంకా చాలా రాసుకుంది గానీ అంతకంటే చెప్పలేకపోయింది. అది జేబులోంచి కాగితం తీసిస్తే మిగతాది రుఫైదా చూసి చదివింది, ఆ పిల్లకి చదవడం బాగా వచ్చు.

సర్టిఫికెట్లు ఇరవై నాలుగూ ఉన్నాయి. వస్తుందో రాదో తెలియకపోయినా ఘనీ గారు రుఫైదా పేరుతో కూడా ముందే వేయించి ఉంచారు. ఆయన్ని ఇంకెప్పుడూ వెక్కిరించను.

అన్నీ కుదిరిపోయాయని రాయను. రుఫైదా పండగ అయ్యాక మళ్లీ తన పాత చోట్లో, వెనక బెంచీలోనే కూర్చుంది. ఆ పిల్లకి టైం పడుతుంది. తరన్నుమ్‌కి అది కష్టంగా ఉంది, ఉండనీ అనుకున్నాను. కింద అది రాసిన నాలుగు ముక్కలు ఉన్నాయి. తప్పులు దిద్దకు.

నీ షబ్నమ్

మోతీ దాదీకి సలాం. హనాన్ మిస్ నాకు సన్న జడలు అల్లింది. పదహారు వచ్చాయి. లాగలేదు, నొప్పి రాలేదు. నీ జుట్టు కూడా ఇట్లనే ఉంటదని అమ్మ చెప్పింది. నేను ఎప్పుడూ చూడలేదు. నువ్వు వచ్చినప్పుడు చూపిస్తావా? నాకు నలుగు వద్దు. నువ్వు రా.
తరన్నుమ్

*

కర్నూలు
ఫిబ్రవరి 23

చిరంజీవులు షబ్నమ్‌కీ, తరన్నుమ్‌కీ,

దువాలు, ఇద్దరికీ చెరి సగం కాదు, ఎవరివి వాళ్లకి నిండుగా. తప్పులు దిద్దలేదు. పదహారు జడలు లెక్కపెట్టుకుని కూర్చున్న దానివి, నీకు లెక్కలు బాగానే వస్తాయిలే.

ఆఖరి పేజీ ముందు తిప్పాను. నేను మాట వినే మనిషినా?

రోజా ఉపవాసాలు మొదలయ్యాయి. మార్చి తొమ్మిదిన జెద్దాలో దిగుతాను. మక్కా వెళ్లి ఉమ్రా ముగించుకుని, పదమూడుకి మీ ఇంటికి వస్తాను, పండగ అక్కడే. ఈసారి పార్సిల్ లేదు, నేనే వస్తున్నాను. గోంగూర ఉంది, ఉల్లికారం ఉంది. అడుగున ఏళ్ల తరబడి పెట్టెలో పడుకున్న ఒక చెక్క దువ్వెన ఉంది. రెండు పళ్లు విరిగాయి గానీ పని చేస్తుంది. మొన్న తలంటుకుని, అద్దం ముందు కూర్చుని, కొసల నుంచి పైకి దువ్వుకున్నాను. సగం నెరిసింది. ఉంగరాలు ఎక్కడికీ పోలేదు. తరన్నుమ్ ఏడ్చేంతగా ఏమీ లేదు, చూపిస్తాను.

హాల్లో పచ్చ ఫ్రేము వేరుగా, కాబా పటం వేరుగా పెట్టాను. పచ్చ ఫ్రేము ప్రస్తుతం ఖాళీగా ఉంది. అది ఏమిటని పక్కింటి ముత్యవ్వ అడిగింది. మా తాత ఊరికి వెళ్లాడు, వస్తాడు అని చెప్పాను. ఏ తాత అంది. కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. కాటికి పోయే ముందైనా చెప్పావు తల్లీ అని నవ్వింది. మా అబ్బా ఉంటే ఆ మాట విని ఎంత పొంగిపోయేవాడో. ఆ ఒక్క బాధ నాకు తీరదు, తీరాలని కూడా లేదు.

ఒక్కటే అడుగుతున్నాను. రంజాన్‌లో సెంటర్ మధ్యాహ్నం నమాజు తర్వాత నడుస్తుందని ఫోన్లో అన్నావు కదా. నన్ను అక్కడికి తీసుకెళ్లు. ఆ పిల్లని పిలిపించకు, నా ముందు నిలబెట్టకు. పెద్దదాన్నని తనచేత సలాం కూడా చెప్పించకు. ఆ మాట పుట్టింది నా నోట్లో అని నేనే తనకి చెప్పాలి. నువ్వు అరబ్బీలోకి మార్చాలి, ఒక్క ముక్క కూడా మెత్తబరచకుండా. విన్నాక తన బెంచీ మీద కాస్త జరిగి నాకు చోటిస్తే కూర్చుంటాను.

ఇవ్వకపోతే ఏమీ అనకు. నేను బయట మెట్ల మీద కూర్చుంటాను. క్లాసు అయిపోయేదాకా.

మీ మోతీ